మూల డబ్బాలో చేతులు

మార్చి 4, మంగళవారం

ఈరోజు ఏమీ జరగలేదు. ముందు ఆ మాట రాసిపెట్టుకుంటే మనసు కాస్త కుదుటపడుతుంది.

పెద్దాయన పత్రికలవాళ్ళతో మాట్లాడాడు. మా రాష్ట్రాన్ని ఏలే గవర్నరుగారిని భవనంలో అందరూ పెద్దాయన అనే అంటారు. ఎప్పటిలాగే ఆయన పక్కన నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. నల్ల చొక్కా, ఉంగరం కూడా లేని చేతులు. టీవీలో కుడివైపు మూల చిన్న డబ్బాలో కనిపిస్తానే, అదీ నా ఉద్యోగం. ఆయన నోటితో అన్నది వినపడనివాళ్ళ కోసం నేను చేతులతో అంటాను. గేటు కాపలావాళ్ళు నన్ను 'చేతులమ్మ' అని పిలుస్తారు. గౌరవంగానే పిలుస్తారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఈమధ్య అందులో ఏదో వెటకారం వినపడుతోంది.

విషయం పాతదే, కొత్త రోడ్డు. రోడ్డుకు అడ్డొచ్చే కొట్లన్నీ కూల్చేయమని పెద్దాయన హుకుం. అన్నయ్య కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఉన్న వీధి కూడా అందులో ఉంది. వీధివాళ్ళంతా కలిసి కోర్టుకెక్కారు. మధ్యాహ్నం కోర్టు స్టే ఇచ్చింది, ఎవరూ ఒక్క ఇటుక కూడా కదపకూడదని. వీధి వీధంతా ఊపిరి పీల్చుకుంది. పెద్దాయన మాట్లాడింది ఆ తర్వాతే. స్టే ఊసు మాత్రం ఎత్తలేదు.

చివర్లో అందరూ కుర్చీల్లోంచి లేస్తుండగా పెద్దాయన మైకును అరచేత్తో మూసి, పక్కనున్న కార్యదర్శితో ఏదో అన్నాడు. ఏమన్నాడో నేను వినలేదు.

ఇంటికొచ్చేసరికి అన్నయ్య లేడు. నేను టీవీలో కనిపించే రోజు అతను కదలడు. నా తప్పులు పట్టుకోవడానికి కాగితం, పెన్సిలు పెట్టుకుని మరీ కూర్చుంటాడు. నాకు సైగలు నేర్పింది అతనే మరి. పుట్టినప్పటి నుంచీ అన్నయ్యకు వినపడదు. నేను మాటలకన్నా ముందు అతని చేతులు చూసి నేర్చుకున్నానని ఇంట్లో చెప్పుకునేవారు.

"టీవీ చూస్తూ చూస్తూ దిగ్గున లేచి వెళ్ళిపోయాడమ్మా," అంది వదిన. "ఎవరిదో తోపుడుబండి అడిగి తెచ్చుకున్నాడు. ఎక్కడికయ్యా అంటే చెప్పడే! పెట్టిన టీ పెట్టినట్టే ఉంది."

మార్చి 5, బుధవారం

పొద్దున్నే వీధిని కూల్చేశారు.

స్టే వచ్చిందని ధీమాగా అందరూ సరుకు కొట్లలోనే ఉంచి తాళాలు వేసుకున్నారు. కోర్టు కాగితం నకళ్ళు షట్టర్లకు అంటించుకున్నారు. ఆ కాగితాలతో సహా షట్టర్లు మడతపడ్డాయి. బట్టల తానులు, గుండీల పెట్టెలు, అద్దాలు, అన్నీ మట్టిలో కలిసిపోయాయి. ఒక్క అన్నయ్య కొట్టే ఖాళీగా కూలింది. మిషన్లన్నీ మా ఇంట్లో ఉన్నాయి. మెట్ల కింద కొన్ని, నా గదిలో కొన్ని. మంచం దిగాలంటే పెడల్ తొక్కాలి.

"నిన్ననే ఎందుకు తెచ్చేశావు?" అని అడిగాను.

"కొట్టుకు రంగు వేయిద్దామని," అన్నాడు. అంటూ గోడవైపు చూశాడు. అన్నయ్యకు అబద్ధం చెప్పడం రాదు. చేతులు చెబుతాయి గానీ కళ్ళు ఒప్పుకోవు.

మళ్ళీ అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో అని కాదు. టైం లేక.

మార్చి 6, గురువారం

పెద్దాయన టీవీలో అన్నాడు: "స్టే వచ్చిన సంగతి కూల్చివేత అయ్యేదాకా నాకు తెలియదు. తెలిసుంటే ఆపేవాణ్ణి." ఆ మాటను రాష్ట్రానికి చేతులతో చెప్పింది నేనే. ఇంటికొచ్చాక సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను.

మార్చి 9, ఆదివారం

వదిన కూరలకని వెళ్ళి సంచీ ఖాళీగా తిరిగొచ్చింది. దారిలో గుండీలాయన ఎదురుపడ్డాడట. అన్నయ్య పక్క కొట్టు అతనిది. ఇన్నేళ్ళూ ఒకే టీ కెటిలు పంచుకున్నారు.

"మీ ఆడపడుచు ఇంట్లో ముందే చెప్పింది కదమ్మా. మీ సరుకు మీరు సర్దుకున్నారు. మేమేమైపోతే మీకేంలే!" అన్నాడట.

వదిన ఊరుకునే మనిషా? నడిరోడ్డు మీద కడిగిపారేసింది. ఇంటికొచ్చి అసలు సంగతి చెప్పింది. మంగళవారం సాయంత్రం అన్నయ్య ప్రతి కొట్టుకూ వెళ్ళాడట. 'సరుకు తీసేయండి, స్టే ఉన్నా కూలుస్తారు' అని కాగితం మీద రాసి చూపించాడట. వాళ్ళు నవ్వి, స్టే కాగితం చూపించి, భుజం తట్టి పంపించారట.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. మన ఇంట్లో అంతా తిరకాసే. చెవిటివాడే ఊదాడు, చెవులున్నవాళ్ళకు వినపడలేదు," అంది వదిన. నవ్వబోయింది, నవ్వు రాలేదు.

వదినకు ఈ సంగతి తెలిసి అయిదు రోజులైంది. నాకెందుకు చెప్పలేదు? ఇద్దరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు.

మార్చి 10, సోమవారం

వీడియో బయటికొచ్చింది. మూల డబ్బాను పెద్దది చేసి, వేగం తగ్గించి, కింద అక్షరాలు వేశారు. వినపడనివాళ్ళ సంఘం పెట్టిందట. మధ్యాహ్నానికి శాసనసభలో ప్రతిపక్షం బల్లలు చరిచింది. సాయంత్రానికి వీధివాళ్ళ వకీలు కోర్టు ధిక్కారం కేసు వేసింది. పెద్దాయన గొంతు అందులో లేదు, మైకు మూసుంది. నా చేతులు మాత్రం ఉన్నాయి. అవి అంటున్నది ఇది:

'స్టే వచ్చిందా? రానీ. ఆ కాగితం నా దాకా వచ్చేలోపు వీధి పని కానిచ్చేయండి.'

ఆ చేతులు నావే. కాదనను. నాకు పని నేర్పిన మాస్టారు మొదటి రోజే చెప్పిన సూత్రం ఒకటుంది. విన్నది దాచకూడదు, విననిది చేర్చకూడదు. ఎవరైనా దగ్గితే దగ్గారని చెప్పాలి. ఫోను మోగితే మోగిందని చెప్పాలి. చెవులున్నవాడికి ఏది దొరుకుతుందో చెవులు లేనివాడికీ అది దొరకాలి, ఏది చెప్పాలో ఏది వద్దో ఎంచడానికి నువ్వెవరివి అనేవారు. ఇరవై ఏళ్ళుగా అదే పని చేసి చేసి, నా చేతులు నన్ను అడగడం మానేశాయి. ఆ రోజు కూడా అడగలేదు. అవి వాటంతటవే ఆడి ఉంటాయి. నేను వినలేదు.

విననిది చేతులకెలా తెలిసిందని ఇంకా ఎవరూ అడగలేదు. అడిగితే చూద్దాం.

టీవీలో అందరూ చూసిందే. అయినా ఆ చివరి ముక్కను పట్టి సంఘానికి ఎవరిచ్చారు? నాకొక జోడీ ఉంది. ఎక్కువసేపు సాగే సభల్లో చేతులు నొప్పెట్టకుండా ఇద్దరం వంతులు వేసుకుంటాం. ఆ రోజు నా వంతు నడుస్తుంటే ఆ పిల్ల ముందు వరసలోనే కూర్చుని చూస్తోంది. నా కుర్చీ మీద దానికి కన్నుంది. ఈరోజు అడగకుండానే టీ తెచ్చిపెట్టింది. "అక్కా, ధైర్యంగా ఉండు," అంది. నేను అధైర్యంగా ఉన్నానని దానికెవరు చెప్పారు? టీ తాగలేదు.

మార్చి 12, బుధవారం

నవ్వులాయన పిలిపించాడు. పెద్దాయన ప్రచార అధికారి. చావు కబురైనా నవ్వుతూనే చెబుతాడు, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

"కూర్చోండమ్మా. ఏంలేదు, చిన్న విషయం. ఆ చివర్లో మీ చెయ్యి కాస్త జారింది కదా?"

"ఏమో సార్."

"అలసిపోయి ఉంటారు. మనుషులం కదా! అలవాటులో చేతులు ఏవో ఊపాను, దానికి అర్థం లేదు అని కోర్టులో ఒక్క మాట చెప్పేయండి, అయిపోతుంది. లేదంటే..." అని నవ్వాడు. "ఉద్యోగంలో చేరినప్పుడు ప్రమాణం చేశారు, గుర్తుందిగా? లోపలి మాట బయటపెడితే ఉద్యోగం ఒక్కటే పోదమ్మా. లోపలేస్తారు కూడా."

గుర్తుంది. నాకన్నీ గుర్తుంటాయి.

చెయ్యి జారిందంటే ఉద్యోగం ఉంటుంది, వీధి కేసు వీగిపోతుంది. ఇక ఈ రాష్ట్రంలో వినపడనివాడెవడూ నా చేతులవంక చూడడు. జారలేదంటే జైలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి దగ్గర నిలబడి ఈయన నవ్వుతున్నాడు.

మార్చి 13, గురువారం

ఎదురింటి ముందు బూడిదరంగు కారు. రెండు రోజులుగా అక్కడే ఉంది.

మార్చి 14, శుక్రవారం

కారు ఎదురింటావిడ అల్లుడిదట. అయినా నమ్మను.

మార్చి 17, సోమవారం

కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. వీధివాళ్ళ తరఫున సాక్షిని. ఏప్రిల్ రెండున రావాలి.

వీధివాళ్ళేమో నేను మోసం చేశానంటారు, వాళ్ళ వకీలేమో నన్నే సాక్షిగా పిలుస్తుంది. వినపడనివాళ్ళ సంఘం అధ్యక్షుడు బజారులో కనిపించి, "నిన్ను చూసి గర్వపడుతున్నాం," అని సైగ చేశాడు. చుట్టూ ఎంతమంది చూస్తున్నారో అని నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. వాళ్ళ భాషలో దానికన్నా మర్యాద తక్కువ పని ఇంకోటి లేదు. అతని మొహం చిన్నబోయింది. కానీ నేనేం చెయ్యను? అతను కూడా ఎవరో పంపితే వచ్చాడేమో.

మార్చి 21, శుక్రవారం

తలనొప్పని చెప్పి పెందలాడే ఇంటికొచ్చాను. మా గుమ్మంలోంచి నవ్వులాయన దిగుతున్నాడు. నన్ను చూసి ఇంకొంచెం నవ్వి, కారెక్కి వెళ్ళిపోయాడు.

లోపల వదిన కప్పులు కడుగుతోంది.

"ఎవరొచ్చారు వదినా?"

"కరెంటు మీటరు చూసేవాడు."

"మీటరు చూసేవాడికి మంచి కప్పుల్లో టీ ఇచ్చావా?"

వదిన నావైపు తిరగలేదు. "అలసిపోయినట్టున్నాడులే అని ఇచ్చాను. నీకూ పెట్టనా?" అంది.

అన్నయ్య గదిలోకి వెళ్ళి అడిగాను. అతను కళ్ళు మూసుకున్నాడు. వినపడనివాడు మాట వద్దనుకుంటే చేసే పని అదే. ఎంత అరిచినా, ఎంత చేతులు ఊపినా, కళ్ళు మూసుకున్నవాడికి ఏమీ చేరదు. చిన్నప్పుడైతే కనురెప్పలు వేళ్ళతో తెరిచేదాన్ని. ఈసారి అతని ముందు నిలబడి నిలబడి వచ్చేశాను.

కొత్త రోడ్డు పక్కన కట్టే దుకాణాల్లో ఒకటి ఇస్తానని ఉంటాడు. లేకపోతే అంత పెద్దమనిషి మా ఇంటి మెట్లెందుకు ఎక్కుతాడు? అన్నయ్యను కొనేశారు. ఇంకెవరినైనా అనుమానించొచ్చు గానీ, అని రాయబోయి ఆగాను. ఎవరినైనా అనుమానించొచ్చు.

మార్చి 22, శనివారం

ముగ్గురం మాట్లాడుకోకుండా భోంచేశాం. ఉప్పు అందించమని కూడా ఎవరూ అడగలేదు.

మార్చి 26, బుధవారం

అనుకున్నదే అయింది. సర్కారు తరఫు సాక్షుల్లో అన్నయ్య ఉన్నాడు. జోడీ చెప్పింది. అతని సైగలను కోర్టుకు మాటల్లో చెప్పడానికి దాన్నే వేశారట. "అక్కా, వద్దంటాను, నువ్వు ఊ అంటే," అంది. కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. ఆ నీళ్ళు నిజమో కాదో తేల్చుకోలేకపోయాను.

"నీ పని నువ్వు చెయ్యి," అన్నాను.

ఇంటికొచ్చి వదిన మీద అరిచాను. "తోడబుట్టినవాణ్ణి నా మీదికే సాక్ష్యానికి తోలుతున్నావా? ఆ నవ్వేవాడు కొట్టు ఇస్తానన్నాడా, డబ్బు ఇస్తానన్నాడా?"

వదిన ఎన్నడూ మాట పడే మనిషి కాదు. ఈరోజు పడింది. పడి, పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అది చూసే నాకు భయం వేసింది.

మార్చి 28, శుక్రవారం

విన్నాను.

ప్రతి మాటా విన్నాను. అరచెయ్యి అడ్డం పెట్టింది మైకుకే గానీ నా చెవులకు కాదు కదా. ఆ మాట చేతుల్లోకి వస్తున్నప్పుడు అన్నయ్య టీవీ ముందున్నాడని కూడా తెలుసు నాకు. ఆపుకోగలిగేదాన్ని. ఆపుకోలేదు. ఇరవై నాలుగు రోజులుగా వినలేదు వినలేదని ఎవరికి చెప్పుకుంటున్నాను? ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు.

ఇక మిగిలింది ఒక్కటే, కోర్టులో ఏం చెప్పాలో. జైలంటే భయం. చాలా భయం.

ఏప్రిల్ 2, బుధవారం

వివరంగా రాయాలి. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

కోర్టు హాలు మామూలు గదే. పైన ఒక ఫ్యాను తిరుగుతోంది, ఒకటి తిరగట్లేదు. ఒక పక్క వీధివాళ్ళు. ఇంకో పక్క వినపడనివాళ్ళ సంఘంవాళ్ళు, అందరి చేతులూ ఒకేసారి మాట్లాడుకుంటున్నాయి. నవ్వులాయన రెండో వరసలో. వదిన వచ్చి నా పక్కనే కూర్చుంది. నేను జరిగాను. తనూ జరిగింది.

ముందు అన్నయ్యను పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు. నావైపు చూడలేదు. మా పనిలో అవతలివాళ్ళ మాటను 'నేను' అనే చెప్పాలి. అందుకని అన్నయ్య మాటలు జోడీ గొంతులోంచి వచ్చాయి.

"నా చెల్లెలికి సైగలు నేర్పింది నేను. మొదటి నుంచీ తన చేతులు తిన్నగా ఉండవు. అలసిపోతే అర్థం లేకుండా ఊపుతుంది. ఆ రోజు చివర్లో చేసిన సైగ నాకేమీ అర్థం కాలేదు."

సంఘంవాళ్ళ చేతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. నాకు చెంప మీద కొట్టినట్టయింది. జైలుకైనా సిద్ధపడొచ్చు గానీ ఈ మాట అన్నయ్య చేతుల్లోంచి చూడటానికి సిద్ధంగా లేను. లేవబోయాను. వదిన నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"కూర్చో. నీకోసమే," అంది చెవిలో. "జైలుకెళ్తుందన్నాడమ్మా ఆ నవ్వేవాడు. అన్న నోటితో చెయ్యి జారిందనిపిస్తే కేసుండదన్నాడు. కొట్టూ లేదు, డబ్బూ లేదు. నీకు చెబితే ఒప్పుకోవని నాతో ఒట్టు వేయించుకున్నాడు మీ అన్న."

కూర్చున్నాను.

వీధివాళ్ళ వకీలు లేచింది. పొట్టి మనిషి, గొంతు పెద్దది.

"మీకేమీ అర్థం కాలేదన్నారు. మంచిది. మరి ఆ సాయంత్రమే మీ మిషన్లు తోపుడుబండి మీద ఎందుకు తీసుకెళ్ళారు? స్టే వచ్చిందని వీధంతా సంబరపడుతుంటే, కొట్టుకొట్టుకూ తిరిగి సరుకు తీసేయమని ఎందుకు రాసి చూపించారు?"

జోడీ ఆ ప్రశ్నను చేతుల్లో పెట్టింది. రంగు సంగతి ఇక్కడ పనికిరాదని అన్నయ్యకూ తెలుసు.

ఈలోగా సర్కారు వకీలు ఎగిరి లేచాడు. "చూశారా! టీవీలో అర్థం కాలేదు, అయినా తెలిసింది. అంటే కూల్చివేత ఎప్పుడన్నది చెల్లెలు ఇంట్లో ముందే చేరవేసింది. ఆపైన అన్నగారి కొట్టు పోతోందన్న కసితో గవర్నరుగారు అనని మాట చేతులతో కల్పించింది!"

అన్నయ్య ఇది ఊహించలేదు. నన్ను కాపాడాలని అతను వేసిన మెట్టే నన్ను గోతిలోకి దింపుతోంది. జోడీ చేతుల్లో ఆ మాట చూస్తూనే అన్నయ్య లేచి నిలబడ్డాడు. చేతులు ఎంత వేగంగా ఆడాయంటే జోడీ అందుకోలేక గుక్క తిప్పుకుంటూ చెప్పింది:

"అబద్ధం! నా చెల్లెలు ఆఫీసు మాట ఇంట్లో ఒక్కటీ చెప్పదు. నేను అడిగినా చెప్పదు. టీవీలోనే చెప్పింది. నేను చూశాను. ప్రతి వేలూ తిన్నగా ఉంది. స్టే వచ్చిందా రానీ అంది, వీధి పని కానిచ్చేయండి అంది. అంత శుభ్రమైన సైగ నేను కూడా చెయ్యలేను. ఇందాక చెప్పింది నా అబద్ధం. దాన్ని ఏమీ అనకండి!"

జోడీ ఒక్క మాట కూడా వదల్లేదు, ఒక్కటీ కలపలేదు. ఇన్నాళ్ళూ దాన్ని అనవసరంగా ఆడిపోసుకున్నాను.

తర్వాత నన్ను పిలిచారు. బోనెక్కుతుంటే నవ్వులాయన నావంక చూసి, మెల్లగా తన చెయ్యి జార్చి చూపించాడు. చెయ్యి జారిందని చెప్పు, ఇప్పటికైనా మించిపోలేదు అని. అప్పుడు కూడా నవ్వుతున్నాడు.

"విన్నాను," అన్నాను. "గవర్నరుగారు అన్నది విన్నాను. అన్నది అన్నట్టే చెప్పాను. నా చెయ్యి జారలేదు."

సర్కారు వకీలు ప్రమాణం సంగతి ఎత్తాడు. రహస్యం బయటపెట్టినందుకు వెంటనే అరెస్టు చేయాలన్నాడు. జడ్జీగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"టీవీ కెమెరాల ముందు, రాష్ట్రమంతా చూస్తుండగా, సర్కారు జీతమిచ్చి చెప్పించిన మాట రహస్యమెలా అవుతుందండీ? వినపడనివాళ్ళు చూడరనుకున్నారా?"

హాల్లో వినపడేవాళ్ళు నవ్వారు. జోడీ చేతులు చూసి సంఘంవాళ్ళు ఒక క్షణం ఆలస్యంగా నవ్వారు. గవర్నరుగారు స్వయంగా వచ్చి జవాబు చెప్పుకోవాలని జడ్జీగారు ఆదేశించారు. అప్పటిదాకా వీధిలో రోడ్డు పని ఆపాలన్నారు.

గుండీలాయన వరండాలో అన్నయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియక రెండు చేతులూ గాలిలోకి ఎత్తి, దించేశాడు. అన్నయ్య తలూపాడు.

ఏప్రిల్ 3, గురువారం

సస్పెన్షన్ కాగితం పొద్దున్నే వచ్చింది. నా స్థానంలో జోడీని వేస్తామన్నారట, అది పోనందట. వెళ్ళమని చెప్పాలి. మంచి చేతులు, ఆ డబ్బా ఖాళీగా ఉండకూడదు.

సాయంత్రం అన్నయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. తిట్టాడు. "ఎవడు చెప్పమన్నాడు నిన్ను? ఉద్యోగం పోయింది. బుద్ధుందా?" అన్నాడు. "నువ్వెందుకు అబద్ధమాడావు? నీకు బుద్ధుందా?" అన్నాను. "నా చేతులు తిన్నగా ఉండవా?" అని కూడా అడిగాను. అది మాత్రం అడగకుండా ఉండలేకపోయాను. నిన్న అబద్ధమని ఒప్పుకున్నాడు, నిజమే. అయినా నొప్పి నొప్పే.

అన్నయ్య జవాబుకని చేతులు ఎత్తాడు. ఎత్తిన చేతులతో ఏమీ అనకుండా నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వదల్లేదు. నేనూ లాక్కోలేదు. మా ఇద్దరికీ ఉన్న నోళ్ళు అవే.

వంటింట్లోంచి వదిన కేకేసింది. "ఏంటమ్మా చప్పుడు లేదు, ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారా? ఏమంటున్నాడు మీ అన్న?"

"ఏమీ అనట్లేదు వదినా," అన్నాను. "చేతులు ఖాళీ లేవు."